చిన్నకోడలి చెవిలో దూది

రెండు కత్తులు ఒక ఒరలో ఇమిడినా రెండు కొప్పులు ఒక ఇంట్లో ఇమడవంటారు. ఆ ఇంటి రెండు కొప్పులూ వంటింట్లో ఇమడలేదు గాని సముద్రంలో ఇమిడాయి.

అదంతా అత్తగారి మోకాళ్ళ పుణ్యం. నీళ్ళలో నడవమని డాక్టరు చెబితే, కోడళ్ళిద్దరూ ఆమెను చెరో రెక్కా పట్టుకుని ఈతకొలనుకు తీసుకెళ్ళేవారు. కొలను లోతువైపు ఒక శిక్షకుడు మనుషుల వీపుకు గాలి సిలిండర్లు కట్టి అడుక్కి దింపడం నేర్పుతుండేవాడు. ఓరోజు చిన్నకోడలు వెళ్ళి పేరిచ్చి వచ్చింది. చిన్నది చేరితే పెద్దది ఊరుకుంటుందా? మర్నాడే పెద్దకోడలూ చేరింది. పంతానికి దిగారు గాని, నీళ్ళు తల మీద మూసుకోగానే పంతం సంగతి ఇద్దరూ మరిచిపోయారు. కింద మాటలుండవు. మాటలే లేకపోతే తోడికోడళ్ళంత మంచి జత ఇంకోటి లేదు.

"ఒడ్డున ఊరికే దొరికే గాలి ఉండగా, నీళ్ళలోకెళ్ళి డబ్బాలో గాలి పీలుస్తారమ్మా మా కోడళ్ళు!" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేది.

చిన్నకోడలు కొరియర్ వ్యాను తోలుతుంది. దారి పొడుగునా వ్యానుతో కూడా మాట్లాడుతుంది కాబట్టి ఇంట్లో ఆమెను గడగడ అంటారు. పెద్దకోడలు కర్టెన్లు కుట్టే చోట పనిచేస్తుంది. పొడవాటి బల్ల, కిటికీ పక్కన మిషను, హోటల్ గదుల కోసం వెలుతురును లోపలికి రానివ్వని మందపాటి గుడ్డ. కర్టెన్ అడుగంచు మడతలో సన్నటి సీసపు గొలుసు పెట్టి కుడుతుంది. ఆ బరువుంటేనే గుడ్డ గాలికి ఎగరకుండా బుద్ధిగా వేలాడుతుంది. ఏళ్ళ తరబడి సూది గుచ్చుకుని గుచ్చుకుని ఆమె చూపుడువేలి కొస మొద్దుబారింది. వేడి కప్పు తగిలినా ఆ కొసకు తెలియదు.

చాలా రోజులుగా ఆమె మనసూ ఆ వేలికొసలాగే ఉంది.

కష్టమేమీ రాలేదు. పోయినవాళ్ళు లేరు, విడిచినవాళ్ళు లేరు. మందుల షాపులో పనిచేసే భర్త సాయంత్రం ఇంటికొచ్చి, "ఏంటోయ్, అలా ఉన్నావ్?" అంటాడు. "ఎలా ఉన్నాను?" అంటుంది. అతనికీ తెలియదు, ఆమెకీ తెలియదు. కారణమంటూ ఒకటి ఉంటే దాన్ని పేరుపెట్టి తిట్టుకునేది. ఇది పొద్దున్నే పొగమంచులా వచ్చి, మధ్యాహ్నమైనా పోవడం మరిచిపోయిన తెలుపు. నవ్వాల్సిన చోట నవ్వుతుంది. ఉప్పు ఎక్కువైందని పక్కవాళ్ళు చెబితే, అవునంటుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఒక దీవి పటం పరుచుకుని ఉంది. నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి, చిన్నకోడలు దాని మీదికి వంగింది. పోయినేడు వెళ్ళిన దీవే. పడవ లేదు, గైడు లేడు. అద్దె బండి తోలుకుని, ఒడ్డు తామే చూసుకుని, తామే నడిచి నీళ్ళలోకి దిగడం.

"తూర్పువైపు వద్దక్కా. ఈ నెలల్లో గాలంతా అటే. అలలు మనల్ని చాకిరేవులో బట్టల్లా బాదేస్తాయి. పడమర ఒడ్డయితే హాయి. నీళ్ళలోకి దిగే చోటుకి గుర్తుగా రోడ్డు పక్కన రంగేసిన రాయి పెడతారు కదా, అది ఎక్కడ కనిపిస్తే అక్కడ బండి ఆపుకోవడమే."

"సరే."

"దిగే చోటు కంటే పైకొచ్చే చోటు ముందు చూసుకోవాలి. ఇదిగో, ఇక్కడ అడుగున ఇసుక ఒడ్డుదాకా మెల్లగా ఎత్తవుతుంది. ఇక్కడే పైకొద్దాం."

"సరే."

"నీ సరేలన్నీ కలిపి కుడితే ఈ ఇంటికి సరిపడా కర్టెన్లవుతాయి."

సోఫాలోంచి అత్తగారు అందుకుంది. "దానికి నోరు అరిగిపోతుందని భయం, నీకు అరగదేమోనని భయం. ఇంతకీ చెవిలో దూది పెట్టుకున్నావా లేదా?"

"పెట్టుకున్నానత్తయ్యా!" చిన్నకోడలు తల పక్కకు తిప్పి చూపించింది.

ఆ దూది కథ పోయినేటిది. ఆ రోజు ఇద్దరూ పగడాల గోడ పక్కన ఈదుతుండగా పెద్దకోడలు ఆగిపోయింది. అడుగున తెల్లటి ఇసుక మీద మోకాళ్ళ మీద కూర్చుంది. పైన వెలుతురు, ఎవరో కుట్టి వేలాడదీసిన పల్చటి గుడ్డలా కదులుతోంది. బాధ లేదు, భయం లేదు. పైకి వెళ్ళాలని మాత్రం అనిపించలేదు. చేపలు వచ్చి చూసి వెళ్ళిపోయాయి. అంతలో చిన్నకోడలు వెనక్కి తిరిగొచ్చింది. మాస్కు అద్దంలోంచి ఆమె కళ్ళలోకి కాసేపు చూసింది. బొటనవేలు పైకెత్తింది.

కొలనులో శిక్షకుడు మొదటిరోజే నేర్పిన నియమం అది. ఇద్దరిలో ఎవరు బొటనవేలెత్తినా ఇద్దరూ పైకి రావాలి. ఎందుకని అడగకూడదు. ఒడ్డుకొచ్చాక కూడా అడగకూడదు. అడుగుతారన్న భయముంటే మనిషి వేలెత్తడానికి వెనకాడతాడని ఆయన చెప్పాడు.

చిన్నకోడలు ఆమె మణికట్టు పట్టుకుని మెల్లగా పైకి తెచ్చింది. ఏమీ అడగలేదు. ఇంట్లోవాళ్ళు మాత్రం అడిగారు, అన్ని రోజులకని వెళ్ళి మధ్యలోనే వచ్చేశారేమని. "నాకు చెవినొప్పి" అంది చిన్నకోడలు. అప్పటినుంచి అత్తగారు రోజూ దూది ఉండచుట్టి చేతికిస్తూనే ఉంది, ఆమె పెట్టుకుంటూనే ఉంది. మళ్ళీ ఆ నీళ్ళలోకి దిగితే అక్కకు పాత నవ్వు వస్తుందని ఆమె ఆశ. అందుకే ఈ పటం, ఈ గ్లాసులు.

దీవిలో సామాను అద్దెకిచ్చే షాపతనికి ఫోన్ కలిపింది. "ఇద్దరమే. సిలిండర్లు మీవే. నడుం బెల్టుకి సీసం దిమ్మలా? నాకు ఎప్పటిలాగే. మా అక్కకి... అక్కా, నీకెంత?"

"పది కిలోలు."

చిన్నకోడలి నోరు తెరుచుకునే ఉంది. ఫోనులో అతను హలో, హలో అంటున్నాడు. "మళ్ళీ చేస్తానన్నా" అని పెట్టేసింది.

ఒళ్ళు తేలిపోకుండా అడుక్కి దిగడానికి పెట్టుకునే బరువది. సరిపడా ఉంటే దించుతుంది. ఎక్కువైతే పైకి రానివ్వదు. పోయినేడు పెద్దకోడలికి ఆరు కిలోలు చాలాయి.

చిన్నకోడలు బల్ల మీదుగా చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది. బొటనవేలూ నడిమివేలూ కలిసి, ఒకదాని మీదికి ఒకటి వచ్చేశాయి. "ఎంత సన్నబడ్డావో చూడు. సన్నబడినవాళ్ళకి బరువు తగ్గాలి గాని పెరుగుతుందా?"

"నోటికొచ్చింది చెప్పాను."

అది నిజమే. ఏమీ అనుకుని చెప్పలేదు. తన నోట్లోంచి వచ్చిన ఆ అంకెను పెద్దకోడలు ఎవరో తెచ్చిచ్చిన గుడ్డముక్కలా తిరగేసి చూసుకుంది. ఎవరిది ఇది? ఎవరు కత్తిరించారు? తనదే. అనుకోకుండా వచ్చింది కాబట్టే తనదని తెలిసింది. చలి వేయలేదు. భయపడాలని మాత్రం అర్థమైంది, దూరంగా, పక్కింట్లో ఎవరో తలుపు కొడుతున్నట్టు.

"నీ చెవికేం కాలేదు కదా" అంది.

"ఏంటి?"

"మొన్నటిదాకా దూది ఎడమ చెవిలో ఉండేది. ఇప్పుడు కుడి చెవిలో ఉంది."

చిన్నకోడలు చెవి తడుముకుంది. నవ్వబోయింది, కుదరలేదు. పట్టిన చెయ్యి మాత్రం వదల్లేదు. అడగడానికి పెదవులు కదిలాయి. మళ్ళీ మూసుకున్నాయి. అడగకూడదు. ఈసారి వేలెత్తాల్సింది అక్కే.

పెద్దకోడలు రెండో చేతిని పటం మీద నుంచి తీసింది. అది తన చెయ్యి కానట్టు, సీసం నింపి కుట్టినట్టు బరువుగా ఉంది. పిడికిలి ముడిచి, బొటనవేలు పైకెత్తింది. ఎత్తి అలాగే ఉంచింది.

చిన్నకోడలు లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చింది. ఏడవలేదు, కారణం అడగలేదు. "పద, పైకి" అంది. గ్లాసులు తీసేస్తే పటం దానంతటదే చుట్టుకుపోయింది. "రేపు పొద్దున నా వ్యాను ఎక్కుతున్నావు. పార్సిళ్ళ కంటే ముందు నిన్నే దించుతాను, డాక్టరు దగ్గర. లోపలికీ నేనొస్తాను. ఎందుకని నువ్వూ అడక్కు."

"సరే."

"ఈ ఒక్క సరే చాలు."

"ఏమైందే మీకు?" అంది అత్తగారు. "ప్రయాణం లేదా?"

"ఇప్పుడు లేదత్తయ్యా."

"మళ్ళీ చెవేనా?"

చిన్నకోడలు దూది తీసి ఖాళీ గ్లాసులో పడేసింది. పెద్దకోడలు అత్తగారివైపు తిరిగింది. "దాని చెవి బాగానే ఉందత్తయ్యా. బాగాలేనిది నాకు."

అత్తగారు సోఫా చెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద బలమంతా పెట్టి లేవసాగింది. ఆమె బల్ల దగ్గరికి చేరేలోపు పెద్దకోడలు తన మణికట్టుకేసి చూసుకుంది. నాలుగు వేళ్ళ అచ్చులు ఎర్రగా పడ్డాయి. అక్కడ కొద్దిగా మండుతోంది.