తిన్నగా చెక్కిన అచ్చు

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లలో పూలు, తీగలు, నెమళ్లు ఎవరైనా చెక్కుతారు. అక్షరాలు మాత్రం యలమంద దగ్గరికే వస్తాయి. గుడ్డ మీద తిన్నగా పడాలంటే టేకు చెక్క మీద ప్రతి అక్షరాన్నీ తిరగేసి చెక్కాలి. నలభై ఏళ్లు అలా చెక్కీ చెక్కీ అతనికి తిన్నని రాతే వింతగా కనిపించేది. బస్సు బోర్డు ముందు కూడా ఒక్క క్షణం ఆగేవాడు.

"మా ఆయనకి పేపరుతో పాటు అద్దం కూడా ఇవ్వాలండీ" అని భార్య దుర్గాదేవి అందరి దగ్గరా నవ్వేది.

సరిహద్దులో యుద్ధం మొదలైన ఆ మే నెలలో, బందరు మాజీ సైనికులు శాలువాల మీద వేయించడానికి 'వీర జవానుకు జోహార్లు' అని అచ్చు కావాలన్నారు. అద్దకం షెడ్డు యజమాని ధనుంజయరావు ఆ పని యలమందకి అప్పగించాడు. యలమంద మూడు రోజులు కూర్చుని చెక్కి, నూనెలో నానబెట్టి, అరుగు మీద ఆరేశాడు.

గుడివాడ బట్టల కొట్టు నుంచి దుప్పట్ల కోసం వచ్చిన ఫణీంద్ర దాన్ని ఫోటో తీశాడు. అచ్చు తిరగబడి ఉంటుందని అతనికి తెలియదు. 'ఇదేం భాష? పెడనలో దొరికింది' అని తన గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి ఆ ఫోటోకి కథ తయారైంది. మంగినపూడి సముద్రపు ఒడ్డున పడవల్లో దిగే శత్రువులకి దారి చూపించే రహస్య లిపి అట. చెక్కినవాడి పేరూ, వీధీ కూడా ఉన్నాయి.

యుద్ధం జరిగేది ఎక్కడో ఉత్తరాన. తుపాకీ పట్టనక్కర్లేని యుద్ధం ఒకటి పెడన ఫోన్లలో జరిగింది. అందులో సైనికులు కాని వాళ్లు లేరు.

మర్నాడు ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి యలమందని స్టేషన్‌కి తీసుకెళ్లారు. అతను సంచిలోంచి అచ్చు తీసి, రంగు అద్ది, తెల్లగుడ్డ మీద ఒక్కసారి నొక్కాడు. ఎస్సై చదివి తల పట్టుకున్నాడు.

"వెళ్లండి పెద్దాయనా. టీ తాగి వెళ్లండి."

టీ తాగలేదు. వీధి మొదట్లో మగ్గం నేసే గంగన్న ఎదురయ్యాడు.

"ఆ ఫోటో నువ్వూ పంపావట కదా, గంగన్నా?"

"పంపా బావా. ఎందుకైనా మంచిదని."

"అచ్చు తిరగబడి ఉంటుందని నీకు తెలీదూ?"

"తెలుసు. తెలిసినా... అందరూ పంపుతుంటే మనం ఊరుకుంటే ఏమనుకుంటారని."

యలమందకి కోపం కూడా రాలేదు. ఏమీ తెలియని ఫణీంద్రది తొందరపాటు. తెలిసి పంపినవాళ్లది భయం. ఈ భయంతోనే ఛానెళ్లవాళ్లు చూసేవాళ్ల సంఖ్య పెంచుకుంటారు, ఓట్లు కావలసినవాళ్లు ఓట్లు పెంచుకుంటారు. చెక్కేవాడికి మిగిలేది ఒంటి నొప్పులు.

సంగతి తెలిసి గుడివాడ నుంచి ఫణీంద్ర పరుగెత్తుకొచ్చాడు.

"తప్పైపోయింది మావయ్యా. ఇప్పుడే సరిచేస్తా. ఆ గుడ్డ పట్టుకోండి, నా పక్కన నిలబడండి."

సెల్ఫీ తీసి, 'ఇదండీ అసలు నిజం' అని పెట్టాడు. పది నిమిషాలకి కామెంట్లు మొదలయ్యాయి. 'మళ్లీ అదే భాష!' 'ఇద్దరూ ఒకటే ముఠా!'

ఫణీంద్ర ఫోను చూసుకుని నీరుగారిపోయాడు. ముందు కెమెరా బొమ్మని తిరగేసింది. గుడ్డ మీద తిన్నగా ఉన్న అక్షరాలు ఫోటోలో తిరగబడ్డాయి.

"అద్దంలాగా తీస్తుంది మావయ్యా ఇది... నేను చూసుకోలేదు. తీసేశా, తీసేశా."

"తీసేస్తే పోతుందా, నాయనా?" అన్నాడు యలమంద.

వారం తిరక్కుండానే కాల్పులు ఆగాయి. పెడనలో ఆ ఫోటో మాత్రం తిరుగుతూనే ఉంది. ధనుంజయరావు షెడ్డుకి పిలిపించాడు.

"యలమందా, శాలువాలు స్క్రీన్ ప్రింటింగుకి ఇచ్చేశాను. ఇకమీదట పూలూ నెమళ్లే చెక్కు. అక్షరాల జోలికి వద్దు."

"అక్షరాలు ఇంకెవరు చెక్కుతారండీ?"

"ఎవరూ చెక్కరు. అదే మంచిది."

నలభై ఏళ్ల పనిలో తనదంటూ ఉన్నది అదొక్కటే. పూలు అందరివీ. యలమంద తలూపి వచ్చేశాడు.

మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఒక టేకు ముక్క తీసుకున్నాడు. శాలువాల కోసం చెక్కిన అవే మాటలు చెక్కడం మొదలుపెట్టాడు. చెయ్యి మాటిమాటికీ పాత అలవాటుకి తిరిగిపోతోంది. ఆగి, చూసుకుని, మళ్లీ ఉలి పెట్టాడు. మజ్జిగ తెచ్చిన దుర్గాదేవి వంగి చూసింది.

"ఇదేంటండీ, తిన్నగా చెక్కారు? గుడ్డ మీద తిరగబడదూ?"

"గుడ్డకి కాదులే."

"మరి?"

"ఫోటో తీసుకునేవాళ్లకి."

ఆవిడ కొంగుతో చెక్కపొట్టు తుడిచి, ఆ అచ్చుని వీధివైపు తిప్పి గుమ్మం పక్కన నిలబెట్టింది.