సూదిమొన తూటాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ గిట్టని మనిషి ఒకావిడ ఉండేది. మా మేనత్త. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసింది. వచ్చిన రోజు నుంచీ, మా అమ్మ వండిన కూరలో ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో అనకుండా ఒక్క ముద్దా మింగలేదు. అమ్మ కూడా తక్కువదేం కాదు. ఆవిడ ముందు కంచం పెట్టేటప్పుడు వీధిలోకి వినపడేలా చప్పుడు చేసేది. ముగ్గురు పిల్లల్లో పెద్దదాన్ని కాబట్టి మేనత్త చేతి గరిటె కాడ దెబ్బలు ఎక్కువ తిన్నది నేనే. ఆవిడ పోతే బాగుండునని దేవుడికి మొక్కుకున్న రోజులున్నాయి. అరవైకి దగ్గరపడ్డాక, దుబాయ్‌లో ఈ అల్ నహ్దా పేటలో ఆరుగురు ఆడవాళ్ళం సర్దుకునే గదిలో కూర్చుని, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మాది గోదావరి జిల్లాలో మన్యం అంచున ఉన్న ఊరు. కర్రపెండలం వేసేవాళ్ళం. దుంప ఊరే వేళకి అడవిపందులు మందగా దిగేవి. తెల్లారి వెళ్ళి చూస్తే చేను దున్నేసినట్టుండేది. పాత జమీందారు బంగళాలో సామాను అమ్మేస్తున్నారని తెలిసి, మా నాన్న లైసెన్సు సంపాదించి అక్కడి రైఫిలు ఒకటి కొన్నాడు. ట్రిగ్గరు చుట్టూ కడియంలాంటి ఇనప మీట ఉండేది దానికి. ఆ మీటని కిందికి లాగి పైకి నొక్కితే ఒక తూటా లోపలికి ఎక్కేది. తూటాలుండే చోటు మాత్రం విచిత్రం. పెద్ద గొట్టం కిందే ఇంకో సన్న గొట్టం, అందులో తూటాలు చీమల బారులా ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉండేవి. వెనక దాని ముక్కు ముందు దాని అడుగుకి ఆనుకుని ఉండేది.

బంగళా నుంచి వచ్చిన తూటాలు ముక్కు చదునుగా, నలిగిన సుద్దముక్కల్లా ఉండేవి. అవి అయిపోయాక నాన్న పట్నంలో స్నేహితుడి దగ్గర ఒక పెట్టె తెచ్చాడు. అదే కొలత, కానీ మొన సూదిలా మెరుస్తోంది. ఇవైతే దూరం పోతాయి, సూటిగా పోతాయి అని అరుగు మీద పరిచి నలుగురికీ చూపించి మురిసిపోయాడు. మా మేనత్త గుమ్మంలోంచి చూసి ఒకటే మాట అంది.

"ఒరే, అవి ఆ తుపాకీలో పెట్టకు."

"తుపాకీ సంగతి నీకేం తెలుసక్కా? లోపలికి పో" అన్నాడు నాన్న. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడని ఎవరైనా అలా అనడం నాకు పండగలా ఉండేది.

నా నవ్వు ఆవిడ చూసింది. చెవి పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకెళ్ళింది. మళ్ళీ గరిటె కాడే అనుకున్నాను. కానీ కత్తిపీట ముందేసుకుని కూర్చుని, ఒక వెదురు బొంగు కోయించింది నా చేత. దూలం మీద మిగిలిన ఇనప బోల్టులు తెమ్మంది. దీపావళికి తమ్ముడు దాచుకున్న తుపాకీ బిళ్లలు, అదే టప్‌మని పేలేవి, అవీ తెమ్మంది. ఒక్కో బోల్టు వెనక ఒక్కో బిళ్లని అన్నం మెతుకుతో అంటించింది. అప్పుడు నాన్ననీ అరుగు మీద వాళ్ళనీ కేకేసి పిలిచింది. ఆ గొంతుకి రాని మనిషి మా వీధిలో లేడు.

బొంగులో మూడు బోల్టులూ బారుగా వేసి, నిలబెట్టి రుబ్బురోలు మీద గట్టిగా నాలుగుసార్లు గుద్దింది. ఏమీ కాలేదు. తర్వాత బోల్టుల ముందు కొసలకి చిన్న మేకులు కట్టింది, మొన బయటికొచ్చేలా. మళ్ళీ వేసి గుద్దింది. రెండో దెబ్బకే టప్‌మంది. ఆ వెంటనే ఇంకోటి. బొంగు మూతిలోంచి పొగ సన్నగా లేచింది. ఎవరూ నవ్వలేదు.

"తుపాకీ పేలినప్పుడల్లా వెనక్కి తంతుందా లేదా? ఆ తాపుకి గొట్టంలో ఉన్నవన్నీ ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. తూటా అడుగున ఉండేదీ బిళ్లే. మొద్దు ముక్కైతే ఆనుకుంటుంది, సూది ముక్కైతే గుచ్చుతుంది. ఇక్కడ పేలింది పిల్లల బిళ్ల. అక్కడ పేలేది నీ ఎడం చేతి కింద" అంది.

ఆవిడ మొగుడు, మా మావయ్య, ఆ బంగళాలోనే వేటకి తుపాకీ మోసేవాడని మాకు తెలుసు. ఎలా పోయాడో మాత్రం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆవేళ చెప్పింది, గోడకేసి చూస్తూ. పట్నం నుంచి వచ్చిన దొరగారి చుట్టం ఎవరో ముచ్చటపడి మొన తూటాలు నింపించాడట. గొట్టం చీలి మావయ్య అరచెయ్యి పోయింది. ఆ పుండుతోనే నెల తిరక్కుండా మనిషీ పోయాడు.

నాన్న మొహం మెత్తబడింది. "అక్కా..." అని ఏదో అనబోయాడు. ఆవిడ అననివ్వలేదు.

"నీ మీద ప్రేమ పొంగి చెప్తున్నాననుకోకు. నువ్వు పోతే నీ ముగ్గురు పిల్లల్నీ, నీ పెళ్ళాన్నీ నేనే సాకాలి. నా వల్ల కాదు."

నాన్న ఆ పూట అన్నం తినకుండా బయటికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ పెట్టె వెనక్కి ఇచ్చేసి మొద్దు తూటాలు తెచ్చుకున్నాడు, కానీ ఆవిడతో నెలరోజులు మాట్లాడలేదు. తుపాకీ ఏనాడూ మొరాయించలేదు. "మా అక్క ఊరికే గోల చేసింది గానీ, ఏమీ అయ్యేది కాదు" అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. ఏదీ జరగలేదు కాబట్టి ఆవిడ గెలిచినట్టు కూడా ఎవరికీ తెలియలేదు. అమ్మ కంచం చప్పుడు అలాగే ఉండిపోయింది. నేనూ ఆవిడని ప్రేమించడం మొదలుపెట్టలేదు. అబద్ధం ఎందుకు?

దుబాయ్ వచ్చాక మొదట కల్బా అనే వేరే ఊళ్ళో ఒక కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లో పనిచేశాను. ఇప్పుడు ఊరి బయట తుపాకులు కాల్చడం నేర్పే క్లబ్బులో క్లీనింగ్ పని. కరోనా తగ్గి మాస్కులు తీసేసిన ఏడాది, ఆడవాళ్ళకని కేటాయించిన రోజున జరిగింది ఇది. అక్కడ ట్రైనర్ ఒక హైదరాబాద్ అమ్మాయి, ముప్పై ఉంటాయి. మొదటి రోజే "అమ్మా తల్లీ" అని పిలిచానని మండిపడింది. మేడమ్ అనాలట. నా మాపు వాసనొస్తోందని రెండుసార్లు పైకి ఫిర్యాదు చేసింది. నేనూ ఊరుకోలేదు. ఆ అమ్మాయి నడిచే దారి తడి ఆరకుండా చూసుకునేదాన్ని.

ఆవేళ ఒక గెస్టు మీట తుపాకీయే కావాలని పట్టుబట్టింది. ట్రైనర్ షెల్ఫులోంచి పెట్టె తీసి తూటాలు గొట్టంలోకి తోస్తోంది. ఒక్కొక్కటే చేత్తో పెట్టి కాల్చే వేరే రైఫిల్ కోసం తెచ్చిన పెట్టె అది. కొలత ఒకటే కాబట్టి జారిపోతున్నాయి. లైటు కింద మొనలు మెరిశాయి.

"మేడమ్, ఆ మొనవి దీంట్లో పెట్టకండి" అన్నాను.

"ఆంటీ, మీ పని మీరు చేస్కోండి. యల్లా, కదలండి" అంది, నా వైపు చూడకుండానే. గెస్టు నవ్వింది. ట్రైనర్ మూడోది తోసింది.

నా నోట్లోంచి అప్పుడు వచ్చింది నా గొంతు కాదు. "కళ్ళు నెత్తికెక్కాయా, కింద పెట్టు దాన్ని!" అని అరిచి, బల్ల మీది పెట్టె ఎత్తి మాపు బకెట్లో బోర్లించేశాను. మురికి నీళ్ళలో తూటాలు బుడుంగున మునిగాయి. ఆ అమ్మాయి తుపాకీ బల్ల మీద పెట్టి నా మీద విరుచుకుపడింది. పిచ్చిదాన్ననీ, పొగరనీ, రేపే టికెట్ కొట్టిస్తాననీ అంది. హాల్లో కాల్పులన్నీ ఆగిపోయాయి. ముదీర్, అదే మా మేనేజరు, పరిగెత్తుకొచ్చాడు. వెనకే గన్నుల గది చూసే పెద్దాయన వచ్చాడు.

పెద్దాయన గొట్టంలోంచి మూడు తూటాలూ జాగ్రత్తగా తీసి, ఒకదాని మొనని ఇంకోదాని అడుగుకి దగ్గరగా పెట్టి ట్రైనర్‌కి చూపించాడు. "ఇస్మే చప్టీ నాక్ వాలీ హీ" అన్నాడు, దీంట్లోకి చదును ముక్కువే అని. ఆ అమ్మాయి మొహంలో రక్తం లేదు. అయినా నన్ను చూసిన చూపు మారలేదు, ఇంకా ముదిరింది. నలుగురిలో తప్పు దొరికినందుకు, పట్టింది నేనైనందుకు.

ముదీర్ ఆ పెట్టెలకి వేరే అర పెట్టించాడు. నాకు వార్నింగ్ కాగితం ఇచ్చి, "హాల్లోకి నువ్వు రావద్దు, ఖలాస్" అన్నాడు. అప్పట్నుంచి బాత్‌రూములూ పార్కింగూ నావి. థాంక్స్ అన్నవాళ్ళు లేరు. ఏం జరిగిందని అంటారు?

ఆ సాయంత్రం బస్సులో కిటికీకి ఆనుకుని కూర్చున్నప్పుడు మా మేనత్త గుర్తొచ్చింది. అన్నేళ్ళు ఒకే ఇంట్లో అందరి విసుగూ మింగి ఎలా ఉండగలిగిందో కొంచెం అర్థమైంది. మెత్తగా చెప్పుంటే మా నాన్న వినేవాడా? నాకు తెలీదు. ఆవిడకి మెత్తదనం చేతకాదు. చేతనైనట్టే చెప్పింది. నా మటుకు నేను, గిట్టని మనిషి నోట్లోంచి వచ్చిందని ఏ మాటనీ పారేయకూడదని ఆ పెరట్లోనే నేర్చుకున్నాను. గిట్టని మనిషికి చెప్పాల్సిన మాటని మింగకూడదన్నది మాత్రం ఇక్కడికొచ్చి, ఈ వయసులో నేర్చుకున్నాను.

ఆ అమ్మాయి ఇంకా అక్కడే పనిచేస్తోంది. పార్కింగులో ఎదురుపడితే మొహం తిప్పుకుని, పళ్ళ సందున నన్నేదో అంటూ పోతుంది. అననీ. నన్ను తిట్టుకోవడానికైనా మనిషి మిగలాలి కదా.