నాలుగు జీబీలలో పట్టని భజన

దేవరయాంజాల్‌లో మా పక్కింటి పరమేశన్న పొద్దున లేవగానే కంప్యూటర్ స్విచ్ వేస్తాడు. అది తెరుచుకునేలోపు వాకిలి ఊడ్చి, తానం చేసి, రాముని పటం ముందు దీపం పెట్టి వస్తాడు. అయినా ఒక్కోనాడు తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆయనకు విసుగు రాదు. "ముసల్ది గదా, మెల్లగ లేస్తది," అంటాడు.

ఆ పెట్టెలో ఆయన భార్య శివమ్మ వదిన గొంతు ఉంది. మా భజన పాటలను పరమేశన్నే రికార్డు చేశాడు. ఉన్నది ఒక్క మైకు. అందుకని ఎవరికి తీరిక ఉన్నప్పుడు వాళ్లను పిలిచి, చెవుల్లో తాళం వినిపిస్తూ విడివిడిగా పాడించాడు. తర్వాత కలుపుదామనుకున్నాడు. కలపకముందే వదిన జ్వరంతో పోయింది.

ఆమెది అందుకునే గొంతు. మా భజనలో ముందు పాడే గౌరయ్య పాట ఎత్తుకుంటే ఆమె అందుకునేది. ఇప్పుడు ఆమె పాడింది ఒక్కటే పెడితే కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఆమె గొంతు, మళ్లీ నిశ్శబ్దం. ఎవరో పిలిస్తే పలికినట్టు ఉంటుంది, ఆ పిలుపు మాత్రం వినబడదు. అందరివీ కలిపి తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతుంది.

అది చూసి, యాప్రాల్‌లో ఉండే ఆయన కూతురు దీప, కంప్యూటర్ మెమరీ పెంచే ఎనిమిది జీబీల ర్యామ్ కొనుక్కొచ్చింది. ఆ రోజు పరమేశన్న మొహం చూడాలి! శామీర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే షుకూర్ దగ్గరికి పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లాడు. తోడుగా నేనూ, దీపా.

షుకూర్ మాకు స్టూళ్లు వేసి, పెట్టె విప్పి, బ్రష్‌తో దుమ్ము దులిపాడు.

"అన్నా, గిది దీనికి పట్టదు. నీ బోర్డు పాతది. నాలుగు జీబీలకంటే ఎక్కువ తీసుకోదు. ఆ నాలుగు ఇందుల ముందే ఉన్నయి."

"ఎక్కువ పెడితే ఎక్కువ పని చెయ్యదా?"

"బోర్డు ఎంత పడతదో చూసినంకనే కొనాలె. గీ రకం దీని గాడిల గూడ కూసోదు."

"నా బిడ్డ వడ్డిస్తే నా కడుపుల ఇంకో ముద్ద పడతది. దీనికేంది రోగం?" అన్నాడు పరమేశన్న. నవ్వాం గానీ దీప కళ్లు తడిశాయి.

"నాదే తప్పు నాయినా. అడిగి తేవాల్సింది."

"ఊకో బిడ్డా. ప్రేమతోని తెచ్చినవు."

"దుకాణపాయనకు నేను ఫోన్ చేసి వాపసు ఇప్పిస్త అక్కా, పరేషాన్ గాకు," అని షుకూర్ ర్యామ్‌ను మళ్లీ డబ్బాలో సర్దాడు. "అన్నా, ఇగ కొత్తది తీస్కోవుడే."

పరమేశన్న బల్ల మీదున్న షుకూర్ కంప్యూటర్ వైపు చూశాడు.

"కొత్తది ఎప్పుడైతదో తమ్మీ. ఇందుల పాటలు నీ మిషన్లకు ఎక్కించి, అందరి గొంతులు కలిపి ఒక్కపారి వినిపియ్యవా? గీ మూలకు కూసుంట. గిరాకీ వస్తే బంద్ చెయ్యి, ఏమనుకోను."