సెరామిక్కా, కార్బనా, మామగారి గుండా

ఏదైనా వేడిగా ఉందో లేదో మామగారు చేత్తో చూడరు, బట్టతలతో చూస్తారు. చేతులు పనిచేసి మొద్దుబారాయట, వాటి మాట నమ్మకూడదట. తల మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుందట. ఆయన వేణ్ణీళ్ళ బకెట్ ముందు తల వంచి నిలబడితే, ఆ నీళ్ళకేదో క్షమాపణ చెప్పుకుంటున్నారని అనుకునేవాడు అల్లుడు.

అల్లుడు మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున మామగారు ఒక టీ కప్పు తల మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని కాసేపు ధ్యానించి, దించి అత్తగారి చేతికిచ్చారు. ఆ వింతని నోరు తెరుచుకుని చూస్తూ అల్లుడు తన కప్పులో టీ తాగబోయి నాలుక కాల్చుకున్నాడు.

కుట్టుమిషను మీద ఏళ్ళ తరబడి వంగీ వంగీ అత్తగారి కుడి భుజం బిగుసుకుపోయింది. జడ వేసుకుందామన్నా చెయ్యి లేవడం లేదు. కాపడం పెడితే కాస్త హాయిగా ఉంటోందని, ఇంట్లోనే ఇన్‌ఫ్రారెడ్ సానా కట్టిస్తానని అల్లుడు మాటిచ్చాడు. గాలిని కాకుండా నేరుగా ఒంటినే వెచ్చబరిచే చెక్క గది అది. గది లేచింది. హీటర్లే తేలలేదు. దుకాణం నుంచి సెరామిక్ కడ్డీ ఒకటి, కార్బన్ పలక ఒకటి నమూనాకి వచ్చాయి. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే ఇంకో ఊరి పనికి పోతానని, మళ్ళీ ఎప్పుడొస్తానో తనకే తెలియదని వడ్రంగి కుండబద్దలు కొట్టాడు.

అల్లుడి ఓటు సెరామిక్‌కి. చటుక్కున వేడెక్కుతుంది, ఒకచోట గట్టిగా తగులుతుంది. కార్బన్ పలక వెడల్పుగా పరుచుకుని, తొందరలేని గుమాస్తాలా నిదానంగా కాగుతుంది. అయినా కూర్చోబోయే మనిషినే అడుగుదామని అత్తగారిని రెండింటి ముందూ కూర్చోబెట్టాడు.

"కార్బన్ ఎలా ఉందత్తయ్యా?"

"బాగానే ఉంది బాబూ."

"మరి సెరామిక్?"

"ఇదీ బాగానే ఉంది."

అయితే సెరామిక్కే ఖాయమన్నాడు అల్లుడు. వడ్రంగి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. అప్పుడు మామగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కుస్తీకి దిగేవాడిలా ముందుకొచ్చి, భార్యని లేపి, ఆమె భుజం ఉన్నచోట తల పెట్టారు. మరుక్షణం ఎగిరి అవతల పడ్డారు. నడినెత్తిన ఎర్రటి చార తేలింది.

వడ్రంగి గోడవైపు తిరిగి నవ్వు మింగాడు. అల్లుడికి చిర్రెత్తుకొచ్చింది.

"ఇది కూడా తలతో చూడాలా మామయ్యా? కూర్చున్న మనిషి బాగుందంటున్నారుగా."

"ఆ మనిషి భుజం చూడవయ్యా."

మెడ పక్కన కందగడ్డలా ఎర్రబడి ఉంది.

"మండలేదా అత్తయ్యా?"

"కొంచెం. నువ్వంత శ్రమపడి తెచ్చావు కదా అని..."

మామగారు తల నిమురుకున్నారు. "నిప్పుల మీద కూర్చోబెట్టినా ఈవిడ బాగానే ఉందంటుంది. పెళ్ళైన కొత్తలో సలసల కాగే నీళ్ళు తోడిపెట్టాను. కిక్కురుమనకుండా పోసుకొచ్చింది. అప్పట్నించీ ఈవిడ బదులు నా గుండే కేకలేస్తోంది."

అప్పుడు జుట్టుండేది కదా అని వడ్రంగికి అనుమానం వచ్చింది.

"నుదురు ఆనించేవాణ్ణి. పోనుపోను జాగా పెరిగింది."

అల్లుడు నాలుక కాలిన ఆ రోజును తలుచుకున్నాడు. ఆ తలకెక్కినవన్నీ ఆమెవే. తన కప్పు ఒక్కసారీ ఎక్కిన పాపాన పోలేదు.

సాయంత్రానికి కార్బన్ పలకలు బిగిశాయి. ఒక్కో పలకకీ గుండు పరీక్ష జరిగాకే అత్తగారు లోపలికి వెళ్ళారు. బయటికొచ్చి, కాస్త వదులైన చేత్తో కుర్చీలో ఉన్న భర్త నెత్తిన మందు రాశారు. ఆయన ఆవిడ టీ కప్పును మందు అంటని పక్కకి ఆనించి చూసి, ఆవిడ చేతికిచ్చి, వడ్రంగిని సాగనంపడానికి వెళ్ళారు.

అత్తగారు గొంతు తగ్గించారు. "ఆ తల మీద ఊరేగి వచ్చేసరికి చల్లారిపోతుంది బాబూ. పెళ్ళైన దగ్గర్నించీ నేను వేడి టీ ఎరగను."

"మరి ఆయనకి చెప్పచ్చుగా అత్తయ్యా?"

ఆవిడ ఒక గుక్క తాగారు.

"బాగానే ఉంటుంది."