చివరి కడుగు నీళ్లు

మా ల్యాబులో గాజుసామాను కడిగే ఆవిడను అందరం పిన్ని అనేవాళ్లం. ఇరవై రెండేళ్లు ఒకే తొట్టి ముందు నిలబడి సీసాలు కడిగింది. పాలు పడని పసిపిల్లల కోసం తయారుచేసే పొడిలో పాల ప్రోటీన్ ఏమైనా మిగిలిందా అని చూడడం మా పని. పాలు కలిపిన టీ తాగి చెయ్యి కడుక్కోకుండా సీసా ముట్టుకున్నా చాలు, ఫలితం తారుమారవుతుంది. అందుకని పిన్ని పనిరోజుల్లో ఇంట్లో కూడా పాల జోలికి పోయేది కాదు.

ఆవిడకు ఇంకో అలవాటుంది. ప్రతి విడతలో ఆఖరిసారి సీసాలు కడిగిన నీళ్లు కాసిని చిన్న సీసాలో పట్టి, తేదీ రాసి, రిపోర్టు బయటికి వెళ్లేదాకా ఫ్రిజ్‌లో దాచేది.

“ఏంటి పిన్నీ, అత్తరా?” అని ఏడిపించేవాళ్లం.

“తేడా వస్తే మీకు ముందు గుర్తొచ్చేది నేనే కదా,” అనేది.

ఆ ఏడు ఆవిడ కూతురి బిడ్డకు పాలు పడవని తేలింది. ఏడు నెలల పిల్ల. చుక్క పాలు లోపలికి పోతే ఒళ్లంతా దద్దుర్లు, వెంటనే ఆయాసం. మేం పరీక్షించే పొడే దానికి తిండి. బజారులో సరుకు అయిపోయింది. ఇంట్లో ఉన్నది డబ్బాన్నర. కొత్త బ్యాచ్ మా రిపోర్టు కోసం గోదాములో ఆగి ఉంది. పిన్ని రోజూ పొద్దున్నే “ఎంతవరకు వచ్చింది?” అని అడిగేది.

ఆ బ్యాచ్‌లో మొట్టమొదట నింపిన డబ్బాను నేనే పరీక్షించాను. రంగు తేలింది. అంటే పాల ప్రోటీన్ ఉంది. మధ్యలో నింపిన డబ్బాలో ఏమీ లేదు. మా పెద్దాయన, ల్యాబు అధికారి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, “మొదటిదానికి సీసా సరిగ్గా కడిగుండరు. అలాగే రాసెయ్యమ్మా,” అన్నారు. ఫ్యాక్టరీ నుంచి అప్పటికే మూడు ఫోన్లు వచ్చాయి. నేను రాసేశాను. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చూసి నవ్వుతాం గానీ, మన వంతు వచ్చేసరికి మనమూ మద్దెల కోసమే వెతుకుతాం. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ కాగితం మీద కడిగినవాళ్ల సంతకం కూడా కావాలి. పెద్దాయన పిన్నిని పిలిచి కూర్చోబెట్టారు. ఆయన చెడ్డవాడేం కాదు.

“నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఇక్కడ సంతకం పెట్టావంటే ఈ వారంలో డబ్బాలు బజారుకొస్తాయి. మీ మనవరాలికీ మంచిదేగా.”

పిన్ని పెన్ను తీసుకుంది. కాగితం రెండుసార్లు చదివింది. పెన్ను బల్లమీద పెట్టి లేచి వెళ్లి, ఫ్రిజ్‌లోంచి ఆ పరీక్ష తేదీ రాసిన కడుగు నీళ్ల సీసా తెచ్చి నా ముందుంచింది.

“ముందు ఇది చూడమ్మా.”

మూడు గంటలు పట్టింది. రంగు తేలలేదు. సీసా శుభ్రంగానే ఉంది, పాలు ఉన్నది డబ్బాలోనే. అంతకుముందు అదే మిషన్‌లో నింపిన మామూలు పాలపొడి మొదటి డబ్బాల్లో కలిసినట్టుంది. పెద్దాయన కాగితం చింపేశారు. బ్యాచ్ ఆగిపోయింది.

సాయంత్రం తొట్టి దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడిగాను.

“కోపం లేదనను. ఉంది. రేపటికి పోతుందిలే,” అంది.

“మరి పాపకి?”

“సంతకం పెడదామనే పెన్ను పట్టుకున్నా. ఆ మొదటి డబ్బాలు ఎవరింటికి వెళ్తాయో డబ్బా మీద రాసుండదు కదమ్మా. మా ఇంటికి మంచిది రావాలంటే చెడ్డది ఇంకో ఇంటికి పోవాలి.”

చేతులు తుడుచుకుని వరండాలోకి వెళ్లి కూతురికి ఫోన్ చేసింది. ఇంకో ఇరవై రోజుల దాకా డబ్బాలు రావని, ఈలోగా పక్క ఊళ్లలో వెతుకుదామని చెప్పింది. ఎవరు ఆపారని అవతలినుంచి అడిగినట్టుంది.

“నేనే,” అంది పిన్ని.