బాబాయి చేసిన విమానం

ఆముదం కాగే వాసన తగిలితే బాబాయి గుర్తొస్తాడు. రేడియోతో నడిపే తన బొమ్మ విమానం ఇంజనుకు ఆముదం కలిపిన నూనె పోసేవాడు. చిలకలూరిపేట మిల్లులో ఫిట్టరుగా చేస్తూనే, పల్టీలు కొట్టే ఆ విమానాన్ని రెండేళ్లు కూర్చుని తయారుచేశాడు.

నాకప్పుడు ఏడేళ్లు. చేత్తో పట్టుకుని దాన్ని నడిపే పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంటేనే విమానానికి ప్రాణం ఉంటుందనుకున్నాను. ఎగరేసే ముందురోజు, బాబాయి డ్యూటీకి వెళ్లగానే స్విచ్చి వేసి, సాయంత్రం దాకా దీపానికి కాపలా కూర్చుని, బాబాయి వచ్చేవేళకి ఆపేశాను.

మర్నాడు పత్తిచేల మీద విమానం రెండు పల్టీలు కొట్టింది. తర్వాత బాబాయి పెట్టె మీద మీటలు ఎంత తిప్పినా మాట వినలేదు. నేలకు కొట్టుకుని ముక్కలైంది.

"ఎందుకు పడింది బాబాయ్?"

"నేనే ఎక్కడో సరిగ్గా బిగించలేదు తల్లీ," అన్నాడు ముక్కలు ఏరుతూ. మళ్లీ ఇంకోటి చెయ్యలేదు.

ఆ పెట్టెలో బ్యాటరీ అవగొట్టింది నేనేనని నాకు అర్థమయ్యేనాటికి బాబాయి పోయి ఏడాదయింది. తన పనితనం మీద నమ్మకం పోగొట్టుకునే వెళ్లిపోయాడు.