పడవ మీద ఒడిబియ్యం

ఆదివారం పొద్దున శామీర్‌పేట చెరువు కట్టకాడ ఛాయ్ తాగుతుంటె పట్నం నుంచి సైకిల్ పిలగాండ్లు గుంపుగ వచ్చి ఆగుతరు. ఒంటికి అతుక్కున్న బట్టలు, మోటరు బండి కంటె పిరమైన సైకిళ్లు. మొన్న అండ్ల ఒకడు నా పొట్ట దిక్కు చూసి, "అంకుల్, మీరెప్పుడన్న దూరం తొక్కిండ్రా?" అన్నడు. మస్తు కోపమొచ్చింది. "గోదారి దాక తొక్కిన బిడ్డా" అంటె నవ్విండు. వాడు నమ్మకపోతె మానె, మీకు చెప్త.

తొంభైలల్ల ముచ్చట. అప్పటికి కొలువు లేదు, పెండ్లి లేదు. మేడ్చల్‌ల ఇంటికాడ కూసుంటె నాయిన చూపులు గుచ్చుకునేటివి. ఇగ మా మేనబావ, నేను సైకిళ్ల మీద కరీంనగర్ తొవ్వ పట్టినం. ఊరూర ఛాయ్, గుళ్లె పండుడు, పంక్చర్లు. ధర్మపురి అవుతల ఒక గోదారి రేవుల సైకిళ్లతోని పడవ ఎక్కినం. చలికాలం పొద్దు. మంచుల రెండు ఒడ్లు కనవడకుంట పోయినయి. పడవ పోతాందో, నీళ్లు పోతున్నయో తెల్వలే. ఎవలో చుట్ట ముట్టిస్తె ఆ వాసన సుత మెల్లగ తేలుకుంట వచ్చింది. నేను సగం నిద్రల ఉన్న.

ఎదురుంగ ఒక పడుచుపిల్ల పెద్ద మూట ఒడిల పట్టుకొని కూసున్నది. చేతులు గుంజుతున్నయేమో అని లేచి, "ఇటియ్యమ్మా, కింద పెడ్త" అని మూట అందుకున్న. పడవంత ఒక్కసారి నా మీదికి లేచింది. "అరె, ఒడిబియ్యం కింద పెడ్తరా? మతి ఉన్నదా నీకు!" పుట్టింటోల్లు ఆడివిల్ల ఒడి నింపి పంపే బియ్యం నేల తాకొద్దని, అక్కచెల్లెండ్లు లేనోనికి ఎవలు చెప్పాలె? బావ మొఖం తిప్పుకొని నవ్వవట్టిండు. మూట పట్టుకొని అట్లనె నిలవడ్డ. అప్పుడా పిల్ల మెల్లగ, "పట్టుకున్నవు గద అన్నా, మా అత్తగారింటి దాక తెస్తవా?" అన్నది.

ఒడిబియ్యంతోని పోయే పిల్ల ఎంబడి అన్నో తమ్ముడో ఉండాలె. ఆమెకున్న ఒక్క అన్న రెండేండ్ల కింద జరమొచ్చి పోయిండట. మిగిలిన ముసలి అవ్వ, ఇరుగుపొరుగు ముత్తైదువలతోని ఒడి నింపిచ్చి పడవ ఎక్కిచ్చిందట. ఒంటిగ గడప తొక్కితె పుట్టింట్ల దిక్కులేనిదని వాడంత అంటరని ఆమె భయం. చెప్పుకుంట ఏడ్వలే, నీళ్లల్లకు చూసింది.

అవుతలి ఒడ్డున ఆమెను క్యారేజి మీద కూసోవెట్టి ఇసుకల తోసుకుంట పోయిన. "మనది టూరా, సారె మోసుడా?" అని బావ గులిగిండు, గని ఎనుకనుంచి తోసిండు. గడపల అత్త నిలవడి, "ఎవలీ పిలగాడు?" అన్నది. పిల్ల నా దిక్కు చూసింది. "అన్ననమ్మా" అన్న నేనె. అన్నంక తట్టింది: అయ్యో, కోడలి అన్న సావుకు ఈమె రాకుంటదా?

ఆమె నన్ను, నా సైకిల్‌ను ఎగాదిగ చూసింది. లోపలికి పోయి చెంబుతోని నీళ్లు తెచ్చి, నా కాళ్ల మీద తనే పోసింది. వాడంత ఇనవడెటట్టు, "కోడలి అన్న వచ్చిండు, ఛాయ్ పెట్టుండ్రే!" అన్నది. పిల్ల అప్పుడు ఏడ్చింది.

ఆ ఊరి పేరు ఇప్పుడు యాది లేదు, పిల్ల పేరు నేనసలు అడగనె లేదు. గిన్నేండ్లల్ల కాలం మస్తు గుంజుకపోయింది. గని తోబుట్టువులున్నరా అని ఎవలన్న అడిగితె, లేరనెతందుకు ఇప్పటికీ నాకు నోరు రాదు.